కనిపించే అడ్డంకి, కనిపించని జబ్బు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)

  

సుబ్బారావు గారి గురించి తెలియనివాళ్లకు చెప్పాల్సింది చాలా ఉంది, తెలిసినవాళ్లకు ఎంత చెప్పినా చాలదు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. బోస్టన్ చేరాక ఆ పట్టా అక్కడ అక్కరకు రాలేదు. తొలిరోజుల్లో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల పడకల దగ్గర చిన్న ఉద్యోగం చేశారని జీవితచరిత్రలు చెబుతాయి. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929 నాటికి ఏటీపీనీ వెలికితీశారు. గుండె ఒక్కసారి ముడుచుకోవాలన్నా ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. గుండె దాన్ని నిల్వ చేసుకోలేదు, కొన్ని క్షణాలకు సరిపడా మాత్రమే ఉంటుంది. అందుకే రక్తం ఆగితే గుండె కండరం అంత త్వరగా చచ్చిపోతుంది. ఇవాళ నేను చెప్పబోయే జబ్బంతటికీ మూలంలో ఉన్న రసాయనం ఆయన చేతి మీదుగా బయటపడ్డదే.

లెడర్లే సంస్థలో ఆయన నడిపిన బృందం నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ ఇవాళ్టికీ వాడే మందు అది. 1948లో ఆయన పోయేనాటికి వయసు 53. తన మందుల్లో ఒకటి మరో డెబ్బై ఏళ్ల తర్వాత గుండెజబ్బు పరీక్షకు నిలబడుతుందని ఆయన అనుకుని ఉండరు. నిలబడింది, ఓడిపోయింది. నా ఉపన్యాసం ఆ ఓటమితోనే మొదలవుతుంది. దాన్ని చెప్పడం ఆయనకు అగౌరవం కాదని నా నమ్మకం. లెక్క తేలందే మాట్లాడని మనిషి ఆయన.

1

కీళ్లవాతం ఉన్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువ. వాళ్లలోనూ మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు కాస్త తక్కువగా వస్తున్నట్టు చాలా పరిశీలనల్లో కనిపించింది. రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకోవడం ఒక్కటే ఈ జబ్బు కాదనీ, అక్కడ ఎడతెగని వాపు కూడా ఉంటుందనీ అప్పటికే తెలుసు. వాపును అణిచే మందు చవకగా దొరుకుతోంది. ఇంకేం కావాలి? ఏ వైద్యుడికైనా ఈ తర్కం నచ్చుతుంది.

ఆ పరీక్ష బోస్టన్ బ్రిగమ్ ఆసుపత్రి నుంచే నడిచింది. సుబ్బారావు గారు రాత్రిపూట పనిచేసిన ఆసుపత్రికి ఇవాళ్టి వారసురాలు అది. పాల్ రిడ్కర్ బృందం 4,786 మందిని తీసుకుంది. అప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లు, లేదా ఒకటికి మించిన నాళాల్లో జబ్బు ఉన్నవాళ్లు, అందరికీ మధుమేహమో మెటబాలిక్ సిండ్రోమో ఉంది. సగం మందికి వారానికోసారి మెథోట్రెక్సేట్, సగం మందికి మందులేని మాత్ర. ఫలితం 2019లో అచ్చయింది. గుండెపోట్లు తగ్గలేదు. అసలు ఆ వాపును కొలిచే రక్తపరీక్షల అంకెలే తగ్గలేదు.

ఆలోచనే తప్పా అంటే, అదీ కాదు. అదే బృందం 2017లో 10,061 మంది మీద వేరే మందు, కనకినుమాబ్, పరీక్షించి గుండెపోట్లు తగ్గాయని చూపించింది. ఆ తర్వాత మన గౌటు నొప్పి మాత్ర కొల్చిసిన్ రంగంలోకి దిగింది. 2019లో, 2020లో రెండు పెద్ద పరీక్షలు మేలుందన్నాయి. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కూడా ఇచ్చింది. 2024లో ఏడువేల మంది మీద జరిగిన మరో పరీక్ష మాత్రం, గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టినా ఉపయోగం లేదంది. నా స్నేహితులు కొందరు దాన్ని రాస్తున్నారు, కొందరు రాయడం లేదు. ఇద్దరినీ తప్పుపట్టలేను.

నేను చెప్పదలచిన మాట ఇది. గుండె వైద్యంలో మన కంటికి కనిపించేదాన్ని, మన తర్కానికి అందేదాన్ని సరిచేస్తే మనిషి బాగుపడతాడని అనుకోవడానికి వీల్లేదు. ఈసీజీ మీద గీత కావచ్చు, యాంజియోగ్రాం మీద సన్నబడ్డ నాళం కావచ్చు. దాన్ని సరిచేయడం ఒకటి, మనిషిని కాపాడటం మరొకటి. రెండూ ఒకటేనా కాదా అన్నది పరీక్షించి తేల్చవలసిందే.

2

ఇది తేలిగ్గా నేర్చుకున్న పాఠం కాదు. 1980ల చివర్లో గుండెపోటు నుంచి కోలుకున్నవాళ్లకు ఈసీజీలో గుండె అదనపు స్పందనలు కనిపిస్తే, వాటిని అణచడానికి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ఇచ్చేవారు. ఆ అదనపు స్పందనలు ఉన్నవాళ్లే హఠాత్తుగా చనిపోతున్నారు కాబట్టి వాటిని తీసేస్తే చావు తప్పుతుందని లెక్క. మందు వేస్తే అవి నిజంగానే పోయేవి. కాగితం మీద ఈసీజీ చక్కగా ఉండేది. అమెరికాలో 'కాస్ట్' అనే పరీక్ష జరిగింది. 1991లో వెలువడిన లెక్క వినండి. ఈ రెండు మందులు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది.

ఈసీజీ బాగుపడింది, మనుషులు పోయారు. పరీక్ష చేయకపోయి ఉంటే ఆ చావుల్ని మనం జబ్బు ఖాతాలో రాసేవాళ్లం.

3

విద్యార్థులకు తెలిసినదే అయినా, సభలో వైద్యులు కానివాళ్లు ఎక్కువగా ఉన్నారు కనుక రెండు మాటలు. ఒక మందు పనిచేస్తోందో లేదో తేలాలంటే, ఎవరికి మందు, ఎవరికి మందులేని మాత్ర అన్నది లాటరీ తీసి నిర్ణయించాలి. వైద్యుడు ఎంచుకుంటే తెలియకుండానే ఓపిక ఉన్నవాళ్లకు ఒకటి, లేనివాళ్లకు ఒకటి ఇస్తాడు. ఎవరికేది ఇచ్చారో రోగికీ, ఫలితం రాసేవాళ్లకూ తెలియకూడదు. వేలమంది ఉండాలి. ఇంతే. చెప్పినంత సులువు కాదు గానీ, ఇంతే.

1988లో 17,187 మంది గుండెపోటు రోగుల మీద జరిగిన 'ఐసిస్-2' పరీక్షలో ఆస్పిరిన్ ఒక్కటే అయిదు వారాల్లో గుండె చావుల్ని దాదాపు నాలుగో వంతు తగ్గించింది. రక్తపుగడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా అంతే. రెండూ కలిపితే 42 శాతం. పావలా మాత్ర ఇన్ని ప్రాణాలు నిలబెడుతుందని అప్పటిదాకా ఎవరికీ ఇంత గట్టిగా తెలియదు.

ఆ వ్యాసాన్ని అచ్చువేసే పత్రిక, ఏ వయసువాళ్లకు ఎంత మేలు, ఏ రకం రోగులకు ఎంత మేలు అని ముక్కలు ముక్కలుగా లెక్క తీయమని అడిగింది. అలా కోస్తే అబద్ధాలు పుడతాయని పరిశోధకులకు తెలుసు. సరే తీస్తాం గానీ రాశులవారీగా కూడా తీసి అచ్చువేస్తామన్నారు. వేశారు. మిథున రాశి, తులా రాశి వాళ్లకు ఆస్పిరిన్ వల్ల కాస్త నష్టమే జరిగిందట! (సభలో నవ్వులు.) నవ్వుతున్నారు, బాగానే ఉంది. కానీ మన ఊళ్లో ఈ లెక్కను నిజమని వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి ఎన్ని వేలమందికి చేరుతుందో ఆలోచించండి. పెద్ద పరీక్షను చిన్న ముక్కలుగా కోసి ఎవరైనా మీకు ఆశ చూపిస్తే, ఈ రెండు రాశుల్ని గుర్తుపెట్టుకోండి.

అదే ఆస్పిరిన్ గురించి ఇంకో మాట. గుండెపోటు వచ్చినవాడికి అమృతమైనది, రానివాడికీ రోజుకొకటి వేస్తే మంచిదేగా అనుకున్నాం. ఎన్నో ఇళ్లలో తాతగారి మాత్రల డబ్బాలో ఎకోస్ప్రిన్ ఎందుకుందో ఎవరికీ గుర్తుండదు. ఆస్ట్రేలియాలోనూ అమెరికాలోనూ గుండెజబ్బు లేని 19,114 మంది వృద్ధుల మీద 2018లో తేలింది: మేలు కనిపించలేదు, రక్తస్రావం పెరిగింది. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు దయచేసి ఈ మాట విని రేపటి నుంచి మానేయకండి. ఇది మీ గురించి కాదు.

4

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎవరింట్లో ఎత్తినా మాట పెరిగే సంగతి ఇది. స్టెంట్లు.

మెట్లెక్కితే, గబగబా నడిస్తే ఛాతీ పట్టేసినట్టుండి, ఆగితే తగ్గే నొప్పి ఉంటుంది. దాన్ని స్థిరమైన ఆంజైనా అంటాం. యాంజియోగ్రాం తీస్తే ఒక నాళం డెబ్బై, ఎనభై శాతం సన్నబడి కనిపిస్తుంది. తెర మీద ఆ సన్నటి చోటు చూసిన రోగికీ, బంధువులకీ, చెప్పొద్దూ, మాకూ ఒకటే అనిపిస్తుంది. కాలవలో పూడిక తీసి నీళ్లు వదిలినట్టు, అక్కడ తెరిచేస్తే గండం గడిచినట్టేనని. డెల్టాలో పుట్టి పెరిగిన మనకు ఈ ఊహ మరీ సహజం.

2007లో 'కరేజ్' పరీక్ష ఈ ఊహను కదిలించింది. ఇలాంటి రోగులు 2,287 మందిలో సగం మందికి మంచి మందులు, సగం మందికి మందులతో పాటు స్టెంటు. నాలుగున్నరేళ్లు గడిచాక చావుల్లోగానీ గుండెపోట్లలోగానీ తేడా లేదు. చాలామంది నమ్మలేదు. మందులు అంత శ్రద్ధగా వాడేది ఎవరు, ఎంచుకున్న రోగులు తేలికవాళ్లు అన్నారు.

దాంతో 'ఇస్కీమియా' అనే పరీక్ష వచ్చింది. భారతదేశం సహా 37 దేశాల్లో 5,179 మంది. పరీక్షల్లో గుండెకు రక్తం చాలడం లేదని ఓ మోస్తరుగానో తీవ్రంగానో తేలినవాళ్లనే తీసుకున్నారు. ఒక వర్గానికి ముందుగానే యాంజియో, అవసరాన్ని బట్టి స్టెంటు లేదా బైపాస్. రెండో వర్గానికి మందులు, అవి చాలకపోతేనే యాంజియో. మూడేళ్లు దాటేసరికి ప్రధాన ప్రమాదాలు మొదటి వర్గంలో 318, రెండో వర్గంలో 352. లెక్క ప్రకారం తేడా లేనట్టే. రెండో వర్గంలో సుమారు అయిదుగురిలో ఒకరికి తర్వాత స్టెంటో ఆపరేషనో అవసరమైంది, మిగతావాళ్లు అది లేకుండానే గడిపారు. అయితే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు మొదటి వర్గంలోనే ఉపశమనం బాగా దొరికింది. ఈ రెండో సగాన్ని కూడా చెప్పాలి. స్టెంట్లన్నీ మోసమని వీడియోలు చేసేవాళ్లు ఇక్కడే కత్తెర వేస్తారు.

నొప్పి తగ్గడంలోనూ ఎంత వంతు స్టెంటుది, ఎంత వంతు 'నాకేదో చేశారు' అన్న ధైర్యానిది? ఇంగ్లండులో డాక్టర్ రాషా అల్-లామీ బృందం ఈ ప్రశ్న అడిగే సాహసం చేసింది. 'ఆర్బిటా' అని ఆ పరీక్ష పేరు. ఒక్క నాళంలో గట్టి అడ్డంకి ఉన్న 200 మంది. ముందు ఆరు వారాలు మందులు సరిగ్గా సర్దారు. తర్వాత అందరినీ క్యాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్లారు. మత్తు ఇచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపించారు. 105 మందికి స్టెంటు వేశారు. 95 మందికి ఏమీ వేయకుండా అంతసేపూ బల్ల మీదే ఉంచి పంపారు. వార్డులో చూసుకునే వైద్యులకూ ఎవరికేం జరిగిందో తెలియదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. స్టెంటు పడ్డవాళ్లు మునుపటికంటే 28 సెకన్లు ఎక్కువ నడిచారు. పడనివాళ్లు 12 సెకన్లు. లెక్కలో నిలిచే తేడా కాదు.

2017లో ఇది వెలువడ్డప్పుడు మా వృత్తిలో పెద్ద గొడవే జరిగింది. రోగికి ఉత్తుత్తి ప్రక్రియ చేయడం అధర్మం కాదా అన్నారు. నాకైతే, లక్షలమందికి చేస్తున్న పనిని ఒక్కసారైనా ఇలా పరీక్షించకపోవడమే పెద్ద అధర్మం అనిపించింది. ఆ బృందం అక్కడితో ఆగలేదు కూడా. నొప్పి మందులన్నీ ఆపేసి, 301 మంది మీద అదే పరీక్ష మళ్లీ చేసింది. 2023లో ఫలితం వచ్చింది. ఈసారి స్టెంటు నొప్పిని నిజంగా తగ్గించింది. అయినా చాలామందికి ఎంతో కొంత మిగిలే ఉంది. తాము రేపిన దుమారానికి ఎదురుపోయే ఫలితాన్ని తామే తీసుకొచ్చి అచ్చువేశారు. సుబ్బారావు గారి పేరున జరిగే సభలో చెప్పుకోదగ్గ శాస్త్రజ్ఞుల నడవడి ఇది.

పూడిక ఊహ ఎందుకు పొసగదు? గుండెపోటు చాలాసార్లు బాగా సన్నబడ్డ చోట రాదు. నాళం గోడలో మెత్తటి కొవ్వు, పైన పల్చటి పొర ఉన్న చోట ఆ పొర చిట్లితే, దాని మీద నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. అంతకు ముందురోజు యాంజియో తీసినా అక్కడ ముప్పై, నలభై శాతమే కనిపించి ఉండవచ్చు. జబ్బు నాళం పొడవునా గోడల్లో ఉంది, స్టెంటు రెండు మూడు సెంటీమీటర్ల చోట ఉంది. గోడలన్నింటినీ చేరేది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, బీపీ మాత్ర, మానేసిన సిగరెట్.

గడ్డకట్టేసిన నాళం సంగతి పూర్తిగా వేరు. అది గుండెపోటు. అక్కడ వెంటనే తెరవడం ప్రాణదానమే, అందులో వివాదం లేదు. ఎడమ ప్రధాన నాళంలో గట్టి అడ్డంకి ఉన్నవాళ్లను, గుండె బాగా బలహీనపడ్డవాళ్లను ఇస్కీమియా పరీక్షలో అసలు చేర్చుకోలేదు. వాళ్లకు ఈ మాటలు అంటగట్టకూడదు.

5

చికిత్సలో ఇలా ఉంటే, జబ్బు కనిపెట్టడంలో ఏమైంది? పరీక్ష సూక్ష్మమయ్యేకొద్దీ మేలు పెరగాలి కదా.

స్కాట్లండులో రెండు పెద్ద అధ్యయనాలు జరిగాయి. మొదటిదానిలో, ఛాతీనొప్పితో క్లినిక్కు వచ్చిన 4,146 మందిలో సగం మందికి మామూలు పరీక్షలు, సగం మందికి వాటితో పాటు సీటీ యాంజియో. అయిదేళ్లలో గుండెజబ్బు చావో గుండెపోటో వచ్చినవాళ్లు సీటీ వర్గంలో 2.3 శాతం, మామూలు వర్గంలో 3.9 శాతం. గొప్ప తేడా. అయితే అయిదేళ్ల లెక్కలో రెండు వర్గాల్లోనూ స్టెంట్లు, బైపాస్‌లు దాదాపు సమానమే. మరి తేడా ఎక్కడినుంచి వచ్చింది? స్కాన్‌లో నాళం గోడలో కొవ్వు కనిపించినవాళ్లకు వైద్యులు స్టాటిన్, ఆస్పిరిన్ మొదలుపెట్టారు. సన్నబడని నాళంలోనూ జబ్బు కనిపించింది కనుక మందు పడింది. మామూలు పరీక్షల్లో 'నార్మల్' అని ఇంటికి పంపేవాళ్లలో కొందరు ఇక్కడ దొరికారు.

రెండోది ట్రోపోనిన్ రక్తపరీక్ష. అతి సున్నితమైన కొత్త రకాన్ని 48,282 మంది మీద పరీక్షించారు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు హద్దులు పెట్టారు. పాత పరీక్షకు చిక్కని 1,771 మందికి గుండె కండరం దెబ్బతిన్నట్టు తెలిసింది. ఏడాది తర్వాత చూస్తే, వాళ్లలో గుండెపోట్లుగానీ చావులుగానీ తగ్గలేదు. తెలిసింది, కానీ తెలిసినదానితో చేసిన పని చాలలేదు. యంత్రం కొనగానే బోర్డు రాయించే ఆసుపత్రులు ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మందుల్లోనూ పాత అలవాట్లు తిరిగి బోనెక్కుతున్నాయి. గుండెపోటు వచ్చిన ప్రతివాడికీ గుండె వేగం తగ్గించే బీటాబ్లాకర్ రాయడం నా తరానికి చేతి అలవాటైపోయింది. గుండె బలం బాగున్నవాళ్లలో దానివల్ల అదనపు మేలు లేదని 2024లో స్వీడన్ నుంచి, 2025లో స్పెయిన్, ఇటలీల నుంచి పరీక్షలు వచ్చాయి. అదే 2025లో నార్వే, డెన్మార్క్ నుంచి కొంత మేలుందని మరొకటి. ఇంకా తెమలలేదు.

6

ఇదంతా స్కాట్లండు, బోస్టన్ కథ, మనకేమిటి అనేవారి కోసం గోదావరి జిల్లాలకు వస్తాను. 2000ల మొదట్లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో ఇంటింటికీ తిరిగి నమోదు చేశారు. 2006లో అచ్చయిన లెక్క ప్రకారం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెల్లో చావులంటే అంటురోగాలే అనుకునే కాలంలో ఈ లెక్క చాలామందికి మింగుడుపడలేదు.

2008లో దేశంలోని 89 ఆసుపత్రుల నుంచి గుండెపోటు, తీవ్రమైన ఆంజైనా రోగులు 20,468 మంది వివరాలు వెలువడ్డాయి. సగటు వయసు 57. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఆసుపత్రి చేరేదాకా మధ్యస్థంగా ఆరు గంటలు. ఆసుపత్రికి వచ్చాక గడ్డ కరిగించే మందు పడటానికి 50 నిమిషాలు. ఎక్కడ ఆలస్యమవుతోందో ఈ రెండు అంకెలే చెబుతాయి. గ్యాస్ పట్టేసిందని సోడా తాగి, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేయించుకుని, తెల్లారాక చూద్దామని పడుకుని, అప్పుడు బయల్దేరతాం. ఇంకో అంకె కూడా ఉంది. నెల తిరిగేలోగా చనిపోయినవాళ్లు డబ్బున్నవాళ్లలో 5.5 శాతం, లేనివాళ్లలో 8.2 శాతం. అందిన చికిత్సలోనే తేడా ఉంది.

జబ్బు ముప్పు ఉన్నవాళ్లను ముందే పట్టుకుందామని పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి ఒక పరీక్ష నడిపారు. ఇంటికి వెళ్లి బీపీ కొలిచి, ముప్పు లెక్కగట్టి, డాక్టరు దగ్గరికి పంపడం వాళ్ల పని. 2019లో ఫలితం వచ్చింది. రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ట్రోపోనిన్ దగ్గర చూసిందే ఇక్కడా చూశాం. ముప్పు కనిపెట్టడం మొదటి మెట్టు, నెలనెలా మాత్ర ఇంటికి చేరి కడుపులో పడటం చివరి మెట్టు. మధ్యలో ఎన్ని మెట్లున్నాయో ఆశా కార్యకర్తలను అడిగితే చెబుతారు.

ఈ చివరి మెట్టుకు దారిచూపే పరీక్ష ఒకటి ఉంది. బీపీ మందులు, స్టాటిన్ కలిపి ఒకే మాత్రగా చేసి, ముప్పు ఉన్నా జబ్బు ఇంకా రాని 5,713 మందికి ఇచ్చి చూశారు. వాళ్లలో సగానికి దగ్గరగా మన దేశంవాళ్లే. దానికి ఆస్పిరిన్ కలిపినప్పుడు నాలుగున్నరేళ్లలో గుండె ప్రమాదాలు 5.8 శాతం నుంచి 4.1 శాతానికి తగ్గాయి. ఆస్పిరిన్ సంగతి ఇందాకే చెప్పాను, అక్కడా ఇక్కడా ఒకే జవాబు రాలేదు, రోగుల్ని బట్టి తూచుకోవాలి. గుండెపోటు వచ్చినవాళ్లకైతే ఇలాంటి ఒకే మాత్ర మేలు చేస్తుందని 2022లో యూరప్ పరీక్ష చూపింది.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. మంచి పని. ఆరోగ్యశ్రీ వల్ల గుండె ఆపరేషను పేదవాడికి అందింది. అదీ మంచి పనే. కానీ స్టెంటు మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా, స్టెంటు పడ్డాక జీవితాంతం వేసుకోవలసిన నాలుగు మాత్రల మీద పెట్టామా? ప్రభుత్వాలనే కాదు, మా వృత్తినీ అడుగుతున్నాను. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లు రాస్తాం. ఏది ఎందుకో, ఏది ఎన్నాళ్లో తెలుగులో చెప్పేంత తీరిక మాకుండదు.

సభలోని వాళ్లకు రెండు విన్నపాలతో సెలవు తీసుకుంటాను. నిలకడగా ఉన్న నొప్పికి ఎవరైనా వెంటనే స్టెంటు వేయాలంటే, మూడు ప్రశ్నలు అడగండి: దీనివల్ల నా ఆయుష్షు పెరుగుతుందా, నొప్పి తగ్గుతుందా? ముందు మందులతో చూడవచ్చా? నా అడ్డంకి ఎడమ ప్రధాన నాళంలో ఉందా? జవాబు చెప్పడానికి విసుక్కునే వైద్యుడి దగ్గర రెండో అభిప్రాయం లేకుండా సంతకం పెట్టకండి.

రెండో విన్నపం దీనికి పూర్తిగా ఎదురు. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చేతికో దవడకో లాగే నొప్పి, మధుమేహం ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా వచ్చే ఆయాసం పది నిమిషాలు దాటితే ఇలాంటి ప్రశ్నలేవీ వేయకండి. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లండి, రాత్రి రెండు గంటలైనా సరే.